పక్షుల లెక్క పక్కన చెరువు నీటి లెక్క కూడా వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో నేలపట్టు పక్షుల చెరువు గురించి వచ్చిన వార్త చదివాను. ఈసారి గూడబాతులు (పెలికాన్లు) తక్కువగా వచ్చాయని, చూడ్డానికి వచ్చినవాళ్లు నిరాశగా తిరిగి వెళ్లారని రాశారు. అంతకుముందు ఒక ఏడు ఇదే పేజీలో పక్షులు బాగా పెరిగాయని పెద్ద అక్షరాలతో వేశారు. ఆ కాగితం నా దగ్గర ఇంకా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. రెండింట్లోనూ పక్షుల సంగతి ఉంది, వచ్చిన జనం సంగతి ఉంది. చెరువులో నీళ్లు ఎంత ఉన్నాయన్న మాట మాత్రం ఎక్కడా లేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైనా దయచేసి వేయండి.

నేను దొరవారిసత్రం మండలంలో పుట్టినదాన్ని. మా నాన్నకు నేలపట్టు చెరువు కింద ఎకరంన్నర మడి ఉండేది. పెద్దయ్యాక ఈ చుట్టుపక్కల హైస్కూళ్లలోనే 28 ఏళ్లు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. 1976లో ఈ చెరువును పక్షుల అభయారణ్యంగా ప్రకటించినప్పుడు నేను ఆరో తరగతి చదువుతున్నాను. అప్పటికే పక్షులు మాకు ఏటా వచ్చే చుట్టాల్లాంటివి. వాటి రెట్ట కలిసిన నీళ్లు పారితే మడికి యూరియా అక్కర్లేదని నాన్న అనేవాడు. ఇప్పటికీ ఆ చెరువు కింద రైతులు అదే మాట అంటారు. కాబట్టి నేను రాసేది పుస్తకంలో చదివి ఒప్పజెప్పడం కాదు. సగం చూసింది, సగం పిల్లలకు చెబుతూ నేర్చుకున్నది.

ఒకసారి పదో తరగతిలో జనాభా పెరుగుదల పాఠం చెబుతూ బోర్డు మీద ఒక లెక్క వేశాను. ఒక గూడబాతు జంట ఉంది. ఏటా ప్రతి జంటా రెండు పిల్లల్ని పెంచి పెద్దచేస్తుంది. ఒక్కటీ చావదు. పిల్లలు మరుసటి ఏడే గూడు కడతాయి. నిజానికి అంత తొందరగా కట్టవు, లెక్క కోసం అనుకోమన్నాను. ఆ రెండు పక్షులు పదేళ్లకు 2,048 అవుతాయి. ఇరవయ్యో ఏటికి 20 లక్షల 97 వేలు దాటుతాయి. అంకెలు చూసి పిల్లలు నోళ్లు తెరిచారు. వెనక బెంచీలో పులికాట్ సరస్సు ఒడ్డున జాలర్ల పల్లె నుంచి వచ్చే పిల్లవాడు లేచి, "మరి అవన్నీ ఏవి టీచర్?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపు వాడే, "అన్నిటికీ పులికాట్లో చేపలు ఎక్కడివి?" అన్నాడు. ముందు బెంచీలో అమ్మాయి, "గూళ్లు కట్టడానికి చెట్లు చాలవు కదా" అంది. ఆ రోజు పాఠం వాళ్లే చెప్పారు.

మర్నాడు వాళ్లను చెరువు కట్ట మీదికి తీసుకెళ్లాను. ఆ ఏడు మంచి వానలు. చెరువు నిండుగా ఉంది. నీళ్లలో మొదళ్లు మునిగి నీటి కడప చెట్లు గుంపులుగా నిలబడి ఉన్నాయి. వాటి మీద తెల్లగా బూడిదరంగుగా గూడబాతులు, పక్కన నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు. ఒక్కో బృందానికి ఒక్కో చెట్టు ఇచ్చి గూళ్లు లెక్కపెట్టమన్నాను. ఒక చెట్టు మీద పదకొండు లెక్కపెట్టారు. పన్నెండో జంట వచ్చి వాలబోతే చుట్టూ ఉన్నవి ముక్కులు లేపి తరిమేశాయి. ఒక గూటికీ ఇంకో గూటికీ మధ్య దూరం చూడమన్నాను. గూట్లో కూర్చున్న పక్షి మెడ చాపితే పక్కదాని ముక్కు అందీ అందనంత దూరం. గూడబాతు చాలా పెద్ద పక్షి. ఏ కొమ్మ పడితే ఆ కొమ్మ దాని బరువు ఆపదు. మోయగల కొమ్మలు ఎన్నో గూళ్లు అన్నే.

అభయారణ్యం 458 హెక్టార్లని చెబుతారు. బయటివాళ్లు ఆ అంకె విని, ఇంత అడవి ఉంది కదా, ఎన్ని పక్షులైనా పడతాయి అనుకుంటారు. గూడబాతులకు గూళ్లకు పనికొచ్చేది ఆ మొత్తంలో ఐదోవంతు కూడా లేని కడప చెట్ల భాగమే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం మెట్ట మీద చిట్టడవి. దానికి దాని విలువ ఉంది, వేరే జీవాలున్నాయి. కానీ నీళ్లలో నిలబడని చెట్టు మీద ఈ పక్షి ఇక్కడ గూడు పెట్టదు.

నీళ్లే ఎందుకు? ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. గూడబాతులు ఆ చెరువులో చేపల కోసమే రావు. వాటి తిండిలో ఎక్కువ భాగం పులికాట్ నుంచే వస్తుంది. పొద్దున వెళ్లి, గొంతు సంచిలో, పొట్టలో చేపలు నింపుకుని వచ్చి పిల్లల నోట్లో పెడతాయి. నేలపట్టు చెరువు వాటికి కందకం లాంటిది. చుట్టూ నీళ్లున్నంత కాలం నక్కా, కుక్కా, అడవిపిల్లీ ఆ చెట్టు దరికి రాలేవు. కిందకు జారిన పిల్ల నీళ్లలో పడుతుంది, ఈదుకుంటూ కాసేపైనా బతుకుతుంది. నీళ్లు తీస్తే అదే చెట్టు మామూలు చెట్టు. అందుకే ఈశాన్య రుతుపవనాలు మొహం చాటేసిన ఏడు పక్షులు వచ్చి, నాలుగు రోజులు చెరువు మీద తిరిగి, గూడు పెట్టకుండానే వెళ్లిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఆ ఏడు అవి చచ్చిపోయినట్టు కాదు. ఇంకో చెరువు చూసుకున్నాయి. మీ వార్తలో "తగ్గాయి" అన్న ఒక్క మాటలో ఈ రెండూ కలిసిపోతున్నాయి. నాకు బాధ కలిగించేది అదే.

అసలు ఘోరం జరిగేది ఇంకో రకం ఏడు. అక్టోబరు, నవంబరులో వానలు పడి, చెరువు సగానికి నిండి, పక్షులు నమ్మి గూళ్లు కట్టి గుడ్లు పెట్టాక, డిసెంబరులో చినుకు పడని ఏడు. అలాంటిది ఒకటి నా కళ్లముందు జరిగింది. జనవరి చివరికి నీళ్లు చెట్ల మొదళ్ల నుంచి వెనక్కి వెళ్లిపోయాయి. కింద బురద, దాని మీద కుక్కల అడుగులు. సంక్రాంతి సెలవులు అయి బడి తెరిచిన కొద్ది రోజులకు నలుగురు పిల్లలు ఒక పెద్ద గంపలో ఐదు గూడబాతు పిల్లల్ని మా ఇంటికి తెచ్చారు. ఈకలు ఇంకా పూర్తిగా రాలేదు. వాటిని చూసి నాకు చెయ్యి ఆడలేదు. అటవీ సిబ్బందికి కబురు పెట్టాం. వాళ్లు వచ్చేదాకా రెండు రోజులు మా పెరట్లోనే ఉంచి సంతలో చిన్న చేపలు కొనుక్కొచ్చి తినిపించాం. ఒక్కో పిల్ల ఎంత తిన్నదో చూస్తే గుండె జారిపోయింది. ఆ రెండు రోజుల చేపల ఖర్చు మా ఇంటి వారం కూర ఖర్చుకన్నా ఎక్కువైంది. మూడు చనిపోయాయి. రెండింటిని వాళ్లు తీసుకెళ్లారు.

ఆ రెండు రోజుల్లో నాకు అర్థమైనది ఇరవై ఏళ్ల పాఠంలో అర్థం కాలేదు. చెరువు మీద అలాంటి పిల్లలు వందల్లో ఉన్నాయి. వాటి తల్లీ తండ్రీ రోజూ ఆ చేపలన్నీ ఎక్కడి నుంచో తేవాలి. గూట్లో మూడు పిల్లలుంటే, చేపలు బాగా దొరికిన ఏడు మూడూ లేస్తాయి. తగ్గిన ఏడు ముందు పుట్టిన పిల్ల లాక్కుని తింటుంది, చివర పుట్టింది చిక్కిపోయి పోతుంది. తల్లి దాన్ని వదిలేసిందని మనం తల్లిని తప్పుపట్టకూడదు. తెచ్చినది అన్నిటికీ చాలదు, అంతే. వేట దూరమైనకొద్దీ ఎగరడానికే సత్తువ అయిపోతుంది, పిల్లకు మిగిలేది తగ్గుతుంది.

పెళ్లిలో అన్నం ఐదు వందల మందికి వండారనుకోండి. విస్తళ్లు రెండు వందలే ఉన్నాయి. పంక్తిలో కూర్చునేది రెండు వందల మందే. విస్తళ్లు వెయ్యి తెచ్చి అన్నం వంద మందికే వండితే తినేది వంద మందే. పిల్లలకు నేను ఇలా చెప్పేదాన్ని. నేలపట్టులో పక్షికి కావలసినవి మూడు: చెట్టు, చెట్టు చుట్టూ నీళ్లు, ఎగిరి వెళ్లి రాగల దూరంలో చేపలు. ఈ మూడింటిలో ఆ ఏడు ఏది తక్కువో పక్షుల సంఖ్య దానితోనే ఆగిపోతుంది. మిగతా రెండూ ఎంత ఉన్నా లాభం లేదు.

ఇది మన ఒక్క ఊరి సంగతి కాదు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం ప్రాంతంలో ఆరేడు అనే ఊళ్లో 1946లో పక్షుల పరిశోధకులు కె.కె.నీలకంఠన్ గారు గూడబాతుల పెద్ద కాలనీని గుర్తించి ప్రపంచానికి చెప్పారు. ఊరి చెట్ల మీదే గూళ్లు. జనం వాటిని ఏమీ అనేవారు కాదు. తర్వాత చెట్లు పోయాయి. 1970లు వచ్చేసరికి ఆ కాలనీయే లేకుండా పోయింది. కొల్లేరు ఆ పక్కనే ఉంది, చేపలు ఉన్నాయి. గూటికి చోటు లేకపోయాక చేపలుండి ఏం లాభం? ఇప్పుడు కొల్లేరు ఆటపాకలోనూ, గుంటూరు పక్కన ఉప్పలపాడులోనూ చెట్లు చాలక నీళ్లలో ఇనుప స్టాండ్లు పాతారు. పక్షులు వాటి మీద కూడా గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతున్నాయి. మొదటిసారి ఉప్పలపాడు వెళ్లి ఇనుప కమ్మీల మీద గూళ్లు చూసినప్పుడు కళ్లు చెమర్చాయి. కరువు చోటుకే అన్నది దానికన్నా స్పష్టంగా ఇంకెలా తెలుస్తుంది?

అయితే చోటు పెంచితే చాలని కూడా నేను అనను. ఒకే చోట మరీ ఎక్కువ పక్షులు చేరితే ఇంకో ముప్పు ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో 2021 డిసెంబరు నుంచి 2022 జనవరి దాకా వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. కడుపులో నెమటోడ్ అనే నులిపురుగులు బయటపడ్డాయి. తిన్న చేపల ద్వారా వచ్చాయన్నారు. పోయినవన్నీ పెద్ద పక్షులు, గూళ్లలో పిల్లలున్న సమయం. అన్నీ ఒకే నీటిమీద, ఒకే చేపల మీద ఆధారపడితే జబ్బు ఒకటి వస్తే చాలు. ఇంకొకటి, రెట్ట. పంటకు మేలు చేసే ఆ రెట్టే, ఒక చెట్టు మీద ఏళ్ల తరబడి పడితే ఆకులు తెల్లబడి చెట్టు నీరసిస్తుంది. ముసలి కడప చెట్లు కొన్ని అలా ఎండుతుండడం కట్ట మీద నుంచి ఎవరైనా చూడొచ్చు. కిందనుంచి లేత చెట్లు రావాలి. రావాలంటే గింజ పడి మొలిచిన మొదటి రెండు మూడేళ్లు మేకలూ పశువులూ మేయకుండా చూడాలి. అది ఎవరికీ కనబడే పని కాదు, ఫొటోలోకి వచ్చే పని కాదు. అందుకే వెనకబడిపోతుంది.

పులికాట్ సంగతి ఇంకా బరువైనది. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. ఎక్కువ భాగం మన వైపే ఉంది. సముద్రం నీళ్లు లోపలికి రావాలి, కాళంగి, ఆరణి లాంటి నదుల తీపినీళ్లు కలవాలి, అప్పుడే రొయ్యా చేపా లోపలికి వచ్చి పెరుగుతుంది. రాయదొరువు దగ్గర సరస్సును సముద్రంతో కలిపే ముఖద్వారం ఇసుక మేటలు వేసి పూడుకుపోతున్న సంగతి జాలర్లు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. మా క్లాసులో ఆ ప్రశ్న అడిగిన పిల్లవాడు ఇప్పుడు చెన్నైలో పని చేసుకుంటున్నాడు. వాళ్ల నాన్న పడవ అమ్మేశాడు. మొన్న ఫోన్లో మాట్లాడితే, "టీచర్, నీళ్లు మోకాలు లోతు కూడా లేని చోట వల ఏం వేస్తాం?" అన్నాడు. జాలరికి వల నిండని సరస్సులో గూడబాతుకు మాత్రం సంచి నిండుతుందా? వీళ్లిద్దరినీ పోటీదారులని కొందరు రాస్తుంటారు. ఇద్దరి కంచంలోకీ వచ్చేది ఆ ముఖద్వారం గుండానే.

మా రైతుల వంతు కూడా చెప్పాలి, దాచను. చెరువు తూము మేము తీస్తాం. జనవరిలో వరి పొట్టకొచ్చే వేళ నీళ్లు కావాలి. సరిగ్గా అప్పుడే పక్షులకు పిల్లలు. మంచి ఏడు ఇద్దరికీ సరిపోతుంది. తక్కువ ఏడు గొడవే. మా నాన్న కాలంలో ఒకసారి ఊరి పెద్దలు కూర్చుని, చెట్ల మొదళ్లు తేలేంతగా నీళ్లు తీయొద్దని, అంతకు దిగేలోపే తూము మూసేయాలని మాట అనుకున్నారు. ఆ ఏడు మాకు పంట సగమే వచ్చింది. నాన్న ఏమీ అనలేదు కానీ అమ్మ చాలా రోజులు బాధపడింది. ఆ నష్టం రైతు ఒక్కడే మోయాలా అన్నది న్యాయమైన ప్రశ్న. తక్కువ నీళ్ల ఏడు పక్షుల కోసం తూము మూసిన ఆయకట్టుకు పంట నష్టం కట్టివ్వాలని నా కోరిక. సూళ్లూరుపేటలో పక్షుల పండగకు పెట్టే ఖర్చు ముందు అది పెద్ద మొత్తం కాదనే నా నమ్మకం.

పండగ వద్దని నేను అనడం లేదు. సూళ్లూరుపేటలో 2001 నుంచి ఫ్లెమింగో ఫెస్టివల్ జరుగుతోంది. ఐదేళ్లు ఆగి 2025 జనవరిలో మళ్లీ జరిగినప్పుడు నేను మనవరాలిని తీసుకుని మూడు రోజులూ తిరిగాను. శ్రీహరికోట రోడ్డు మీద బస్సు ఆపి రాజహంసలను చూపిస్తే ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. పిల్లలు చూడాలి, చూడకపోతే పట్టించుకోరు. నేను అడిగేదల్లా, వేదిక మీద వచ్చే ఏడు ఇంకా ఎక్కువ పక్షులు వచ్చేలా చేస్తామని చెప్పే ముందు ఎవరైనా చెరువు వైపు ఒకసారి చూడాలి. పక్షుల్ని పిలిస్తే రావు. చోటూ నీళ్లూ చేపలూ ఉంటే ఎవరూ పిలవకుండానే వస్తాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మన ప్రాంతాన్ని ముంచేసి వెళ్లింది. జనం ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు, మా ఇంట్లోకీ నీళ్లు వచ్చాయి. కానీ ఆ వానలకు చెరువులు నిండాయి. ఆ తర్వాత నెలల్లో కొమ్మ కొమ్మకూ గూడు. ఏ ప్రకటనా అక్కర్లేకపోయింది.

ఇప్పుడు మా అత్తగారి ఊళ్లో ఉంటున్నాను. ఇక్కడి చెరువు చిన్నది. గూడబాతులు గూడు కట్టవు కానీ నత్తగుల్ల కొంగలు పొలాల్లో నత్తలు ఏరుకుని సాయంత్రం ఈ చెరువు మీద వాలేవి. ఎగువ నుంచి నీళ్లు తెచ్చే సప్లై ఛానల్‌ను మధ్యలో మట్టితో పూడ్చేసి ఎవరో ప్లాట్లు వేశారు. ఇప్పుడు మూడు ఏళ్లయింది, పెద్ద వాన పడినా చెరువుకు మూడోవంతు నీళ్లు చేరడం లేదు. అర్జీ ఇచ్చాను, రసీదు ఇచ్చారు. రెండుసార్లు వెళ్లాను, సర్వే చేస్తామన్నారు. కొంగలు మొదటి ఏడే తగ్గాయి, మరుసటి ఏడు దాదాపు రాలేదు. ఎవరూ వాటిని కొట్టలేదు, వలలు వేయలేదు, గుడ్లు తీయలేదు. ఒక కాలువ పూడ్చారు. వేటాడితే కేసు పెట్టడానికి చట్టం ఉంది. కాలువ పూడ్చినవాడు పక్షుల్ని తరిమాడని ఏ కాగితం మీదా రాయరు.

సంపాదకులు గారూ, మీ నుంచి నేను కోరేది చిన్నది. అక్టోబరు నుంచి మార్చి దాకా మీ జిల్లా పేజీలో పక్షుల ఫొటో వేసిన ప్రతిసారీ, దాని కింద ఒక లైను వేయండి. ఆ వారం నేలపట్టు చెరువులో నీళ్లు ఎంత లోతు ఉన్నాయి, చెట్ల మొదళ్లు మునిగి ఉన్నాయా తేలాయా, రాయదొరువు ముఖం తెరిచి ఉందా పూడిందా. అంతే. పొలాలకు వర్షపాతం వేస్తారు, జలాశయాల మట్టాలు వేస్తారు, ఇదీ అలాంటిదే. రెండు మూడేళ్లు అలా వేస్తే, పక్షులు తగ్గిన ఏడు ఎందుకు తగ్గాయో పాఠకుడు తనంతట తానే చూసుకుంటాడు. అప్పుడు ఎవరిని ఏం అడగాలో కూడా వాళ్లకు తెలుస్తుంది.

మీ విలేకరిని ఈసారి జనవరిలో కాకుండా మే నెలలో పంపండి. అప్పుడు పక్షులు ఉండవు. చెరువు అడుగు పగుళ్లిచ్చి ఉంటుంది. లేత కడప మొక్కలు ఎన్ని ఉన్నాయో, వాటిలో పశువులు కొరికినవి ఎన్నో వంగి లెక్కపెట్టుకోవచ్చు. నేను తోడు వస్తాను. ఎండ ఎక్కువ కాబట్టి పొద్దున ఆరు గంటలకే బయలుదేరాలి. మా పాత విద్యార్థులు ఇద్దరు ఇప్పటికే వస్తామన్నారు, నోటుపుస్తకాలు వాళ్లే తెచ్చుకుంటారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బయాలజీ టీచర్,
దొరవారిసత్రం మండలం, తిరుపతి జిల్లా